కచ్చా రంగు, పక్కా రంగు

పదకొండూ పది. ఇక్రా ల్యాబు చీకటి గదిలో మూడు గాజు స్లైడ్లను నీలి దీపం కింద వరుసగా పెట్టి, ఒక్కోదాని మీద సరిగ్గా సగం మేర నల్ల కాగితం కప్పి, గోడ గడియారం చూసి స్టూలు మీద కూర్చుంది. ఇక గంటసేపు చేయడానికి ఏ పనీ లేదు. అదే వచ్చిన చిక్కు. చేతిలో పని ఉన్నంతసేపు మనసు కట్టేసిన గొడ్డులా ఒకచోట పడి ఉంటుంది. చేతులు ఖాళీ అయ్యాయా, పలుపు తెంపుకుని ఎవరి చేలో పడుతుందో చెప్పలేం. గంటంటే ఎంత, బోధన్ బస్టాండులో ఎక్కి కిటికీకి తల ఆనిస్తే నిజామాబాద్ వచ్చేసేంత. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, రెండేళ్ళుగా అలా ఎన్ని గంటలు నిద్రలో పారబోసిందో. వాటిలోంచి ఒక్కదాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే, కళ్ళు మూసి తెరిచేసరికి పన్నెండూ పది అయిపోతే ఎంత బావుండు. అవదు. ఈ గంటను నిమిషం నిమిషం మింగాల్సిందే. మొదటి స్లైడ్ మీద ఉన్నది ఉత్త పసుపు, పొద్దున తన గోటి కింద నుంచే సూదితో గీకి తీసింది. రెండోది జనవరిలో చేసిన పాత స్లైడ్, దాని రంగు గట్టిదని అందరికీ తెలుసు. మూడోది బుధవారం నాటిది. ఆ మూడోదాని మీద చిటికెనవేలి గోరంత ఎలుక మెదడు ముక్క ఉంది. వెలుతురు తగిలిన సగం గంటలో నల్లబడిపోయిందా, బుధవారం అందరూ చూసి మురిసిపోయింది పసుపును. నిలిచిందా, నిజాన్ని.

గోళ్ళు చూసుకుంది. మామూలు గోళ్ళే. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ అంచున కొంచెం పసుపు, అంతే. పట్టి చూస్తే తప్ప కనపడదు. పొద్దున తొమ్మిదిన్నరకు రోజూలాగే చెప్పులు బయట విడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసి, మైక్రోస్కోపు ముసుగు తీసి దీపం వేసింది. ఈ యంత్రానికి రాజుగారి పెద్ద భార్యకున్నన్ని పట్టింపులు. వేడెక్కేదాకా ముట్టుకోవద్దు, లెన్సు మీద నూనె చుక్క ఎక్కువ కావద్దు, తక్కువా కావద్దు. కింద రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు పోతే ఇక్కడ తెర మీద బొమ్మ వణుకుతుందని బల్ల కాళ్ళ కింద గాలి నింపిన దిండ్లు పెట్టారు. వాటిలో గాలి చూసుకోవడం కూడా ఇక్రా పనే. అన్నీ చూసుకుంది. స్లైడ్ సర్దడానికి చేయి పెట్టింది. కళ్ళకు అడ్డంగా ఉండే నారింజ రంగు పలకలోంచి చూస్తే, చేతి మీద రెండు గోళ్ళు మిణుగురుల్లా వెలుగుతున్నాయి. ముందు అర్థం కాలేదు. చేయి వెనక్కి లాగింది, ఆరిపోయాయి. మళ్ళీ పెట్టింది, వెలిగాయి. అప్పుడు అర్థమైంది. ఎలుక మెదడులో చూస్తున్న వెలుగూ ఇదే వెలుగు, ఇదే ఆకుపచ్చ, ఇంతే చురుకు.

ఆదివారం ఉమైమా మాంఝా, పెళ్ళికూతురికి పసుపు పూసే వేడుక. ఉమైమా బాబాయి కూతురు, చిన్నప్పట్నుంచీ ఒకే పళ్ళెంలో తిన్నారు, దాని పెళ్ళికి ఇక్రా కాక ఇంకెవరు పసుపు నూరుతారు. బజారు పొడి ఒంటికి మంట పుట్టిస్తుందని అమ్మీ పసుపు కొమ్ములే నానబెట్టింది. రోట్లో వేసి, సందల్ గంధం కలిపి, చేతులతోనే తీసి ఉమైమా మొహానికీ మోచేతులకూ పూస్తుంటే ఆ పిల్ల గిలిగింతలు పెట్టినట్టు నవ్వుతూనే ఉంది. నవ్వి నవ్వి కాసేపటికి ఏడ్చింది కూడా. సోమవారం పొద్దున సబ్బుతో రెండుసార్లు కడుక్కుని బస్సెక్కింది. సోమవారమే ఆ ఎలుక మెదడు ముక్కల్ని నీళ్ళలోంచి స్లైడ్ల మీదికి ఎత్తింది. సన్నటి కుంచెతో ఎత్తాలి. కొబ్బరి నీళ్ళలో లేత పొర తేలినట్టు తేలుతుంటాయవి, కుంచె కొనకు ఒక అంచు తగిలించి మెల్లగా లాగితే వచ్చి గాజు మీద పరుచుకుంటాయి. గ్లవ్స్ వేసుకునే చేయాలని రూలు. గోడకు అంటించే ఉంది, పెద్ద అక్షరాలతో. కానీ గ్లవ్ ఉంటే కుంచె జారుతుంది, ముక్క మడత పడిందో లేదో వేలికి తెలియదు. కుడిచేతిది తీసేసింది. ఎప్పుడూ తీసేస్తుంది. బట్టలకు రంగులేసే తన తండ్రి, అబ్బా, రంగు తొట్టిలో గుడ్డ ముంచేటప్పుడు చెంచాతో కలిపేవాళ్ళను చూసి నవ్వేవాడు, రంగు పట్టిందో లేదో చెంచాకేం తెలుస్తుంది, వేలికి తెలుస్తుంది అని. ఆయన ముద్దుల కూతురు కదా, ఇవాళ ఆ వేలే కొంప ముంచింది.

బుధవారం నాటి బొమ్మ మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. తెర మీద ఎడమవైపు గాయం, ఏమీ లేని నల్లటి గుంట. దాని మీదుగా కుడివైపు నుంచి వెలిగే రంగు పట్టించిన కొత్త నరాల పోగులు, ఆకుపచ్చగా, ఒకటా రెండా, నారుమడి మొలిచినట్టు గుబురుగా. ఆ ఎలుకలకు పక్షవాతం వచ్చింది. సగానికి ముందరి కాళ్ళలో మంచిదాన్ని గుడ్డ తొడిగి కట్టేశారు, పడిపోయిన కాలితోనే జొన్న గింజ అందుకుని తినాలి, అలా తింటే మెదడు కొత్త పోగులు వేస్తుందా అని చూడటానికి. మిగతా సగానికి ఏ కట్టూ లేదు. కట్టు లేని వాటి మెదళ్ళను జనవరిలోనే చూశారు, మొత్తం ముక్కలో రెండో మూడో పోగులు. కట్టు కట్టిన వాటిలో మొదటిది ఇది. సంజన మేడం తెర ముందుకు వచ్చి నిలబడింది. ఈ ల్యాబు ఆమెదే, వేల్పూర్‌లో పసుపు పండించే ఇంటి ఆడబిడ్డ, పెద్ద పెద్ద ఊళ్ళలో చదివి, ఇక్కడే పెడతానని పట్టుబట్టి ఈ యంత్రాన్ని నిజామాబాద్ తెచ్చింది. అంత మనిషి ఇక్రా భుజం మీద తల పెట్టేసింది. పెట్టేసి, ఒక నిమిషం అలాగే ఉండి, ముక్కు తుడుచుకుని, పద, ఇంకో స్లైడ్ చూద్దాం అంది. ఇవాళ నాలుగింటికి హైదరాబాద్‌లో కూర్చున్న పెద్దవాళ్ళకు వీడియోలో ఆ బొమ్మే చూపించాలి. మేడం పక్క గదిలో దాని కిందికి మాటలు రాసుకుంటూ ఉంది ఇప్పుడు. గోడకు ఇవతల తను ఇలా, మింగలేక కక్కలేక.

మేడంకు వెళ్ళి చెప్పడం పెద్ద పనేం కాదు. తిడుతుంది, పడితే సరి. అసలు భయం అది కాదు. ఆ బొమ్మను సెల్‌ఫోన్లో ఫోటో తీసుకుని బోధన్ తీసుకుపోవడం, అదీ తను చేసిన తప్పు. గ్లవ్ తీసేసినదానికన్నా పెద్ద తప్పు.

అబ్బా పేరు ముజఫర్. బోధన్‌లో రంగులేసే ముజఫర్ భాయ్ అంటే దుపట్టా ఉన్న ఏ ఇంటికైనా తెలుసు. దుకాణం ముందు తీగల మీద ఎప్పుడూ పది రంగులు ఆరుతుండేవి, కింద రోడ్డంతా చుక్కలు చుక్కలు. కోటగిరి నుంచి వచ్చిన వాళ్ళు తెలుగులో, బిలోలి నుంచి వచ్చిన వాళ్ళు మరాఠీలో బేరం చేసేవారు, రంగు మాత్రం ఏ భాషలోనూ చెప్పేవారు కాదు, జాకెట్ ముక్క చేతిలో పెట్టి దీనికి కలవాలి అనేవారు. కొత్త రంగు వచ్చినప్పుడల్లా అబ్బా ఒక పని చేసేవాడు. గుడ్డముక్కకు ఆ రంగు అద్ది, ఎండలో పరిచి, సగం మీద చెక్క బోర్లించేవాడు. పక్కనే ఎన్నేళ్ళుగానో నమ్మిన పాత రంగు ముక్క ఇంకోటి, దాని మీదా సగానికి చెక్క. కొత్తదాన్ని ఒంటరిగా ఎప్పుడూ ఎండబెట్టొద్దు బేటీ, పక్కన పెద్దమనిషి ఉంటే గానీ దాని సంగతి తెలవదు అనేవాడు. సాయంత్రం చెక్క ఎత్తితే తెలిసిపోయేది. కప్పిన సగమూ కప్పని సగమూ ఒక్కలాగే ఉంటే పక్కా రంగు. కప్పని సగం వెలిసిపోయిందా, కచ్చా. పసుపు అన్నింటికన్నా కచ్చా. పెళ్ళిళ్ళ రోజుల్లో పసుపు మరకలు పోవడం లేదని ఎవరన్నా చీర తెస్తే, దానికి నేనెందుకమ్మా, ఎండలో వెయ్, సూర్యుడే తినేస్తాడు అని పంపేసేవాడు. ఎమ్మెస్సీలో, పోల్చి చూసుకునే కంట్రోల్ అంటే ఏమిటో చెబుతుంటే క్లాసులో ఇక్రాకు నవ్వొచ్చింది. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద పుస్తకమా అని.

పోయిన ఏడాది బక్రీద్ తర్వాత అబ్బాకు లక్వా కొట్టింది, ఎలుకలకు వచ్చిన ఆ పక్షవాతమే. తొట్టి దగ్గరే పడిపోయాడు. కుడి చేయీ మాటా రెండూ పోయాయి. నలభై రోజులు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నలభయ్యో రోజో, నలభై ఒకటో, అమ్మీ గంజి తాగిస్తుంటే ఉన్నట్టుండి, సల్లగున్నది, అన్నాడు. తెలుగులో. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఉర్దూనే, తెలుగు దుకాణం వరకే, గిరాకీతోనే. అలాంటిది ఉర్దూ ఎక్కడో ఇరుక్కుపోయింది, దుకాణం తెలుగు ముందు బయటికొచ్చింది. అమ్మీ భయపడింది, ఏం దిష్టో అనుకుంది. మేడంను అడిగితే అలా జరుగుతుంది, తలలో ఒక్కో మాటకు ఒక్కో దారి ఉంటుంది, ఏ దారి బాగుంటే ఆ బండి ముందొస్తుంది అని చెప్పింది. ఉర్దూ కూడా ఇప్పుడిప్పుడే వస్తోంది, ముక్కలు ముక్కలుగా. కానీ ఇంట్లో అందరూ తెలుగుకు అలవాటు పడిపోయారు. అమ్మీ, పేరు నసీమా, తెలుగంటే కూరగాయల బండి దగ్గర తప్ప నోరు మెదపని మనిషి, ఇప్పుడు మొగుడితో కొట్లాడేది కూడా తెలుగులోనే. ఆ కొట్లాట వింటే ఏడుపొస్తుందా నవ్వొస్తుందా అంటే రెండూ వస్తాయి.

చేయి మాత్రం రాలేదు. పిడికిలి ముడుచుకుని ఛాతీకి ఆనుకుని ఉంటుంది, అలిగిన మనిషిలా. వ్యాయామం చేయించడానికి ఒకతను వచ్చాడు, రెండు నెలలు వచ్చాడు. తర్వాత అబ్బానే వద్దన్నాడు. ఎడమ చేత్తో అన్నీ నేర్చుకున్నాడు, తినడం, గుండీ పెట్టుకోవడం, తస్బీ పూసలు తిప్పడం. కుడిచేతి వైపు ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు, దుప్పటి కప్పుకునేవాడు. ఇక్రా ల్యాబులో ఎలుకలకు కాళ్ళు కట్టే సంగతి చెప్పినప్పుడు కూడా ఊఁ అన్నాడంతే. బుధవారం రాత్రి ఆ ఫోటో చూపించింది. సెల్‌ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎడమ వేలితో పెద్దది చేసి చేసి చూశాడు. రంగు మనిషి కదా, రంగునే చూశాడు. ఇదంతా కొత్తదేనా అని అడిగాడు. ఆఁ అబ్బా, కొత్తదే, గాయం దాటి వచ్చింది అని చెప్పింది. గురువారం పొద్దున నిద్రలేచి చూస్తే అమ్మీ వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. అబ్బా మంచం మీద కూర్చుని, పాత దుపట్టా ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేయి ముందుకు చాపి ఉన్నాడు.

"కట్టు" అన్నాడు. "ఎలుకకు కట్టినట్టు."

కట్టింది. ఇక్రా మాత్రం ఏం చేస్తుంది. రెండు రోజులుగా కుడిచేత్తోనే తింటున్నాడు, తినడమంటే తినడం కాదు, అన్నం పళ్ళెంలోంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి చాప మీదికి. పప్పు మోచేతి దాకా కారుతుంది. ముద్ద నోటి దాకా పోతే అది పండగ. అమ్మీ చూడలేక పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది, మళ్ళీ తలుపు సందులోంచి చూస్తుంది. ఇవాళ పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి చేయి పట్టుకుంది. బిడ్డా, ఉన్నదంటే ఉన్నదని చెప్పు, లేదంటే లేదని చెప్పు, ఆయన్ని అట్లా కూసోబెట్టి నేను సూడలేను, ఇయ్యాల మాపటికి ఇప్పేస్త అంది. నువ్వు సూసింది నిజమేనా అని అడిగింది. నిజమే అమ్మీ అని చెప్పి బస్సెక్కింది ఇక్రా. అప్పటికి నిజమే. తొమ్మిదిన్నరకు గోళ్ళు వెలిగేదాకా నిజమే.

పదకొండూ ముప్పై ఐదు. నీలి దీపం కింద మూడు స్లైడ్లూ ఏమీ ఎరగనట్టు పడి ఉన్నాయి. మైక్రోస్కోపు లోపల ఫ్యాను తిరిగే చప్పుడు. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది? ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వచ్చి పక్కనే కూర్చుంది, చనువున్న చుట్టంలా. స్లైడ్లు తీసేసి, పెట్టెలో పెట్టేస్తే సరి. గోళ్ళు వారంలో పెరిగిపోతాయి, కత్తిరిస్తే పోయె. నాలుగింటికి మేడం బొమ్మ చూపిస్తుంది, వాళ్ళు చప్పట్లు కొడతారు. అబ్బా కట్టుతోనే తింటుంటాడు, అబద్ధం మీద పెరిగినా చెయ్యి చెయ్యే కదా, ఆశకు పక్కా ఏమిటి కచ్చా ఏమిటి. తలుపు కిర్రుమంది. హన్మవ్వ. ఎలుకలను సాకేది ఆమే, కోటగిరి వైపు మనిషి, ఒకప్పుడు చెరుకు నరికిన చేతులతో ఇప్పుడు ఎలుకల కాళ్ళకు ఇంతింత తొడుగులు కుడుతుంది. వాటిని పిలగాండ్లు అని పిలుస్తుంది. రెండో డబ్బాలోని పిలగాడు నిన్న గింజ అందుకోలేక అలిగి మూలకు కూసున్నడని, ఇయ్యాల మూడు గింజలు తిన్నడని చెప్పడానికి వచ్చింది. చీకట్లో ఇక్రా మొహం చూసి, ఏమైంది బిడ్డా, గిట్లున్నవేంది అని అడిగింది. ఏం లేదవ్వా, ఒక రంగు నిలుస్తదా లేదా సూస్తున్న అంది ఇక్రా. హన్మవ్వ నీలి దీపం వైపు అనుమానంగా చూసి, నిజం నిలకడ మీద తెలుస్తది, తొందరేంది అనేసి తన పిలగాండ్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకు ఏ సంగతీ తెలియదు. తెలియకుండానే ఎంత మాట అంది.

రంగు నిలవదని తెలిశాక ఏం చేయాలో అబ్బాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఇక్రాకు ఎనిమిదేళ్ళప్పుడు, పెళ్ళిళ్ళ రద్దీలో, కొత్త ఎరుపు ఒకటి ఎండబెట్టి చూడకుండానే ఒక పెళ్ళికూతురి దుపట్టాకు వేసి ఇచ్చేశాడు. ఇచ్చేశాక అలవాటు కొద్దీ ముక్క ఎండలో పెట్టాడు. మధ్యాహ్నం చెక్క ఎత్తి చూస్తే కప్పని సగం వెలిసిపోయి రాగి రంగుకు దిగింది. అబ్బా భోజనం కూడా చేయలేదు. ఇక్రాను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కోటగిరి దాకా తొక్కాడు, కాలవ గట్టు వెంబడి, ఎండలో. పెళ్ళి ఇంకా రెండు రోజులుంది. ఆ ఇంటివాళ్ళు దుపట్టా మడిచి పెట్టెలో పెట్టుకుని సంబరంగా ఉన్నారు, వాళ్ళకేం తెలుసు. చెప్పకపోతే పెళ్ళిలో ఎవరూ గుర్తుపట్టరు కూడా, ఏ నెలకో రెండు నెలలకో వెలిసేది. అబ్బా గడపలో నిలబడి, అమ్మా, నేనిచ్చింది కచ్చా రంగు, నా తప్పే, ఇటియ్యుండ్రి, మల్ల వేసి తెస్త అన్నాడు. ఇంటి ముసలమ్మ తిట్టింది, చాలా తిట్టింది, తిట్టి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. వచ్చేటప్పుడు ఇక్రా అడిగింది, వాళ్ళు చూడలేదు కదా అబ్బా, మనమే ఎందుకు చెప్పాలి అని. అబ్బా పాట ఒకటి ఈల వేస్తూ తొక్కాడు. అంత తేలిగ్గా అబ్బా ఇంకెప్పుడూ సైకిలు తొక్కలేదు. పోయేటప్పుడు బరువుగా ఉన్న సైకిలు వచ్చేటప్పుడు ఎలా తేలికైందో ఆ ఎనిమిదేళ్ళ పిల్లకు అర్థం కాలేదు. ఇప్పుడైంది. ఇంకొక సంగతి కూడా అర్థమైంది. ఆ ముక్క వెలిసిందని చూశాక వెళ్ళడం ఒకటి. ఇక్కడ ముక్క ఇంకా తేలలేదు, తేలేదాకా ఆగి, బాగుంటే నోరు మూసుకుందామని, బాలేకపోతే అప్పుడు చూద్దామని తను కూర్చుంది. రంగు నిలిచినా పోయినా గ్లవ్ తీసిన చేయి తనదే కదా.

పదకొండూ యాభై రెండు. లేచి పక్క గది తలుపు తట్టింది.

సంజన మేడం తెర మీంచి కళ్ళు తిప్పకుండానే కూర్చోమంది. ఇక్రా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది, మాంఝా, పసుపు, గ్లవ్, గోళ్ళు, మూడు స్లైడ్లు, నల్ల కాగితం, ఏదీ దాచలేదు. చెబుతున్నప్పుడు తన గొంతు ఎవరిదో అన్నట్టు వినపడింది. మేడం చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. తర్వాత లేచి చీకటి గదిలోకి నడిచింది, ఇక్రా వెనకాలే. నారింజ పలక వెనక నుంచి నీలి వెలుతురు కింద తన రెండు చేతులూ పెట్టింది. పది గోళ్ళలో ఏడు వెలిగాయి.

"పోయిన ఐతారం మా వేల్పూర్ల పసుపు ఉడకబెట్టిన్రు" అంది మెల్లగా. "కళ్ళం మీద నేను గూడ తిరిగిన. ఆ చీరతోనే సోమవారం ఈ గదిలకొచ్చిన."

ఇక్రా వెళ్ళి హన్మవ్వను పిలుచుకొచ్చింది. ఆమె చేతులు పెడితే గోళ్ళే కాదు, అరచేతి గీతలు కూడా వెలిగాయి. కూరలో పసుపు చేత్తో వేస్తుందట, చెంచా ఎందుకు దండగ అని. ఏందమ్మా ఇది, నాకేమన్న రోగమా అని ఆమె బెదిరిపోయింది. ఈ జిల్లాలో మార్చి నెలలో ఎవరి గోరు వెలగదో చూపించమను చూద్దాం అని మేడం నవ్వింది, అయితే నవ్వు సగంలోనే ఆగిపోయింది. నవ్వడానికి ఇంకా పది నిమిషాలు తక్కువ ఉంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. గ్లవ్స్ సంగతి రేపు మాట్లాడుకుందాం అని మాత్రం అంది. ఆ రేపు అన్న మాట గట్టిగానే అంది, అందులో తిట్టు ఉందని ఇక్రాకు తెలుసు. ఆ పది నిమిషాలూ ముగ్గురు ఆడవాళ్ళు దీపం చుట్టూ కూర్చున్నారు, వడ్డించే ముందు అన్నం దగ్గర కూర్చున్నట్టు.

పన్నెండూ పది. ముందు పసుపు స్లైడ్. నల్ల కాగితం తీసి లెన్సు కింద పెట్టింది. కప్పిన సగం పచ్చగా మండిపోతోంది. కప్పని సగం చీకటి. కళ్ళం ఊడ్చినట్టు ఏమీ లేదు. సూర్యుడు తిన్నట్టే దీపమూ తినేసింది. రెండోది జనవరి స్లైడ్, పెద్దమనిషి. కప్పని సగం కొంచెం నీరసించింది, కానీ ఉంది, ఏ పోగు ఎక్కడుందో అక్కడే ఉంది. ఇక మూడోది. గ్లవ్ ఉన్న చేత్తోనే దాన్ని లెన్సు కింద పెట్టింది. కప్పిన సగంలో నారుమడి అలాగే ఉంది, గుబురుగా, అందంగా, మనిషిని మోసం చేసేంత అందంగా. స్లైడ్‌ను మెల్లగా జరిపింది. గుబురు అంచు వచ్చింది, అంచు దాటింది, నలుపు. అంతా నలుపు. మేడం ఊపిరి భుజానికి తగులుతోంది. ఇక్రా తల ఎత్తలేదు. మబ్బు రంగు గుడ్డ మీద మబ్బు రంగు దారం వెతికేటప్పుడు అబ్బా చేసేదే చేసింది, కళ్ళు గట్టిగా మూసుకుని ఇరవై దాకా లెక్కపెట్టి తెరిచింది. ఫోకస్ మర వెంట్రుక వాసి తిప్పింది. నలుపులో ఒక గీత. సన్నగా, వంకరగా, గాయం అంచు దాకా వచ్చి, ఆగి, పక్కకు తిరిగి, దాటింది. దాని పక్కన ఇంకోటి. కింద మూలన మరొకటి, అది రెండుగా చీలి ఉంది. గుబురు పసుపు కమ్మేసి ఉన్నప్పుడు వీటిని ఎవరూ చూడలేదు. ఇప్పుడే కనపడుతున్నాయి, చుట్టూ ఏమీ లేకపోవడం వల్లే కనపడుతున్నాయి.

"ఉన్నయ్ మేడం" అంది. "కొన్నే. గని ఉన్నయ్."

మేడం కళ్ళు పెట్టి చూసింది. మళ్ళీ ఇక్రా చూసింది. విడివిడిగా లెక్కపెట్టి, కాగితం మీద రాసి, కాగితాలు మార్చుకున్నారు. ఇద్దరివీ పద్నాలుగే. కట్టు లేని ఎలుకల్లో ముక్క మొత్తానికి మూడు దాటలేదు, ఇక్కడ సగం ముక్కలోనే పద్నాలుగు. ఒక్క ఎలుకే, ఇంకా పదకొండు ఎలుకల మెదళ్ళు చూడాలి, పసుపు లేని చేతులతో మళ్ళీ మొదటి నుంచీ చేయాలి. అదంతా మేడం గబగబా చెబుతూనే ఉంది, ఆమె కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. తన గదిలోకి పోయి నారుమడి బొమ్మ తీసేసింది. దాని స్థానంలో సగం పచ్చగా సగం చీకటిగా ఉన్న ఈ కొత్త బొమ్మ పెట్టింది. నాలుగింటికి పసుపు సంగతి కూడా వాళ్ళకు చెబుతానంది, నవ్వితే నవ్వనీ అంది.

ఇక్రా మెట్ల మీదికి వచ్చి సెల్‌ఫోను తీసింది. ఎండ కళ్ళలో పొడిచింది. అమ్మీ ఎత్తి, అబ్బా చెవి దగ్గర పెట్టింది.

"అబ్బా, నేను సూపిచ్చిన బొమ్మల ముప్పావు వంతు పసుపు. నా చేతిదే, ఉమైమా మాంఝాది. కచ్చా."

అవతల చాలాసేపు ఊపిరి చప్పుడే. మాట కోసం వెతుకుతున్నాడో, వద్దనుకుంటున్నాడో తెలియదు. ఇక్రా ఆగింది. ఆయన మాటకు ఎప్పుడూ ఆగాలి, తొందరపెడితే దారి తప్పుతుంది.

"సగం... కప్పి సూసినవా?"

"కప్పి సూసిన. పక్కన పాతది గూడ పెట్టిన."

"ఎంత... మిగిలింది?"

"పద్నాలుగు పోగులు. పక్కా అబ్బా. గంటసేపు దీపం కింద పెట్టిన, పోలేదు."

ఆయన సెల్‌ఫోనులోకి కాదు, పక్కకు తిరిగి మాట్లాడటం వినపడింది. "నసీమా. ఇప్పకు. కట్టు... ఇప్పకు."

సెల్‌ఫోను చేతులు మారింది. అమ్మీ ఏడుస్తుందనుకుంది ఇక్రా, తిడుతుందేమో అనుకుంది, పొద్దున చెప్పింది నిజం కాదా అని నిలదీస్తుందనుకుని జవాబు కూడా వెతుక్కుంది. అమ్మీ అవేవీ అడగలేదు. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, అది ఆగేదాకా ఆగింది.

"పప్పు పొయ్యి మీదనే ఉన్నది" అంది. "ఇంకింత సేపు ఉడకనిస్త. గట్టిపడితే ఆయన వేళ్ళల్ల నిలుస్తది."